71.3 అడుగులు: ఒక అంకె మా ఫోన్లలో తిరిగిన వారం

“అన్నా, భద్రాచలంలో ఎంతుంది?”

గోదావరి పక్కన పెరిగినవాళ్లకు ఈ ప్రశ్న విడమరిచి చెప్పక్కర్లేదు. ఎంత అంటే ఎన్ని అడుగులు అని. 43కి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. మా వైపు అక్షరం ముక్క రాని ముసలమ్మను నిద్ర లేపి అడిగినా ఈ మూడు అంకెలు చెప్పేస్తుంది. 2022 జూలైలో ఆ ప్రశ్న పొద్దున లేచింది మొదలు అర్ధరాత్రి దాకా నా ఫోన్‌కు వస్తూనే ఉంది. 16వ తేదీన నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. 1986 ఆగస్టు 16 నాటి 75.6 తర్వాత అంత ఎత్తు చూడటం అదే మొదటిసారి.

ఆ వరద గురించి చాలామంది రాశారు. నేను రాస్తున్నది ఆ అంకె గురించి. నీటిమట్టం కొలిచే గేజి దగ్గర పుట్టి కంట్రోల్ రూమ్, టీవీ, పేపరు, వాట్సాప్, యూట్యూబ్, చివరికి కూరగాయల ఆటో మైకు దాకా అది ఎలా వెళ్లింది, దారిలో ఏం పోగొట్టుకుంది, అందులో నా తప్పెంత అన్నదే ఇక్కడి విషయం.

నేను, మా ఊళ్లు

పదిహేనేళ్లు ఒక దినపత్రికకు మండల విలేకరిగా పనిచేశాను. జీతం ఉండేది కాదు. అచ్చయిన వార్త ఎన్ని లైన్లుంటే అన్ని డబ్బులు. మొదట్లో వార్త కాగితం మీద రాసి, కవర్లో పెట్టి సాయంత్రం బస్సు డ్రైవర్ చేతికి ఇచ్చేవాళ్లం. తర్వాత ఫ్యాక్స్, ఆ తర్వాత నెట్ సెంటర్ నుంచి మెయిల్. చివరి రోజుల్లో గట్టు మీద నిలబడి ఫోన్‌లోనే టైపు చేసి, వాట్సాప్‌లో డెస్క్‌కు పంపేవాణ్ని. ఫోటో, వీడియో, వార్త, బిల్లు అన్నీ ఆ ఒక్క ఫోన్‌లోంచే. పేపరు వాళ్లకు పంపేదేదో మా ఊరి వాళ్లకే నేరుగా పంపితే పోలా అనిపించి 2019లో మానేశాను. ఇప్పుడు మూడు వాట్సాప్ గ్రూపులు, ఒక యూట్యూబ్ ఛానల్ నడుపుతున్నాను. వాటి మీద వచ్చేది బండి పెట్రోలుకు కూడా చాలదు. ఇల్లు గడిచేది ఫోటో స్టూడియో మీద.

మాది ముంపు మండలం. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు పోలవరం కోసం ఈ మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయింది. గేజి అక్కడ, ఆ గేజి చూసి ఇల్లు ఖాళీ చేయాల్సిన ఊళ్లు ఇక్కడ. ఎటపాక, కూనవరం, వి.ఆర్.పురం, చింతూరు 2022 ఏప్రిల్‌లో అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లాయి. కుక్కునూరు, వేలేరుపాడు ఏలూరు జిల్లాలోకి. నది ఒకటే అయినా పేపర్లలో జిల్లా పేజీలు వేరయ్యాయి. భద్రాచలంలో పెరిగిన నీళ్ల వార్త అక్కడి జిల్లా పేజీలో వివరంగా ఉండేది. మా పేజీలో ఓ మూల నాలుగు లైన్లు. ఇదేదో పగబట్టి చేసింది కాదు. ఎడిషన్ అంటే సరిహద్దు గీసుకుని చేసే పని.

వాట్సాప్‌కు ఆ గీత లేదు. నా గ్రూపుల్లో భద్రాచలం కిరాణా హోల్‌సేల్ వ్యాపారి, కూనవరం లాంచీ ఆయన, చింతూరు ఆశా కార్యకర్త, హైదరాబాద్ హాస్టల్లో చదువుకునే పిల్లలు ఒకే చోట ఉండేవారు. విడగొట్టిన నదిని ఫోన్ మళ్లీ అతికించింది. కొత్త మాధ్యమం మాకు చేసిన మేళ్లలో నేను మొదట చెప్పేది ఇదే. చాలామంది దీన్ని లెక్కలోకి తీసుకోరు, వేగం గురించే మాట్లాడతారు.

అంకె గుండ్రంగా తిరగడం

1986 వరద కబురు రేడియోలోనో, పోలీస్ స్టేషన్ వైర్‌లెస్ దగ్గర నిలబడ్డ మనిషి నోటి నుంచో వచ్చి, ఊళ్లో చాటింపుగా మారిందని మా నాన్న చెప్పేవాడు. అంటే మధ్యలో రెండు మూడు మెట్లే. ప్రతి మెట్టు దగ్గరా అడగడానికి ఒక మనిషి ఉండేవాడు.

2022లో మెట్లు కావు, సుడిగుండమే. కేంద్ర జల సంఘం వాళ్లు చూసిన మట్టం కంట్రోల్ రూమ్‌కు, అక్కణ్నుంచి అధికారుల గ్రూపుకు, అక్కణ్నుంచి విలేకరుల గ్రూపుకు, అక్కణ్నుంచి నాకు. ఇక్కడిదాకా సాఫీగానే ఉంది. నేను పెట్టిన అంకెను టీవీ వాళ్లు స్క్రోలింగ్‌లో వేశారు. హైదరాబాద్‌లో ఎవరో ఆ టీవీని ఫోన్‌తో వీడియో తీసి ఊళ్లో అమ్మకు పంపారు. ఆవిడ మనవడు దాన్ని మా గ్రూపులో పెట్టాడు. అలా నా అంకె నా దగ్గరికే, టీవీ చెప్పిందన్న గౌరవంతో తిరిగి వచ్చింది. టీవీ మూలన గడియారం ఉంటుంది కదా, వీడియో తీసినవాళ్లు దగ్గరగా జూమ్ చేయడంతో అది ఫ్రేమ్‌లోంచి పోయింది.

ఇంకో విచిత్రం. మా ఊళ్లో కరెంటు లేదు, టీవీ లేదు. హైదరాబాద్‌లో కూర్చున్నవాళ్లు యూట్యూబ్‌లో లైవ్ చూస్తూ ఊరికి ఫోన్ చేసి “మన వీధి చివరిదాకా వచ్చిందంట కదా” అని అడిగేవాళ్లు. కిటికీలోంచి చూస్తే నీళ్లు కనిపించే మనిషికి ఆ నీళ్ల సంగతి నూటయాభై మైళ్ల అవతలి నుంచి తెలిసేది.

నేను తీసిన వీడియోకే ఇంకో గతి పట్టింది. కరకట్ట మీద నుంచి తీసిన 20 సెకన్ల ముక్క అది. మర్నాడు ఒక ఛానల్లో వేరే ఊరి పేరుతో వచ్చింది. ఆ ఊళ్లో బంధువులున్నవాళ్లు కంగారుపడి ఫోన్లు చేశారు. డెస్క్‌లో తెలిసిన కుర్రాడికి చెబితే “వాట్సాప్‌లో అలాగే వచ్చింది అన్నా” అన్నాడు. తను అబద్ధం చెప్పలేదు. అలాగే వచ్చి ఉంటుంది.

నా కార్డు

ఆ వారం మొదట్లో గోదావరి మూడో హెచ్చరిక దాటి కాస్త వెనక్కి తగ్గింది. ఊపిరి పీల్చుకున్నాం. ఫోన్‌లో ఒక కార్డు తయారుచేశాను. వెనక గోదావరి ఫోటో, మీద తెల్లటి పెద్ద అక్షరాల్లో “శాంతించిన గోదారమ్మ”. కింద ఎడమ పక్క అడుగులు. కుడి పక్క నా ఛానల్ లోగో, సబ్‌స్క్రైబ్ చేయమని ఓ మాట. పెట్టిన పది నిమిషాల్లో అందరి స్టేటస్‌ల్లోకి ఎక్కింది. సంతోషపడ్డాను, అబద్ధమెందుకు.

తర్వాత ఎగువ నుంచి మళ్లీ నీళ్లొచ్చాయి. ఈసారి ఆగలేదు. 60 దాటింది, 70కి పోతోంది. భద్రాచలం బ్రిడ్జి మీద రాకపోకలు ఆపేశారు. ఆ రాత్రి ఒకాయన ఫోన్ చేశాడు. మాకు దూరపు చుట్టం, వరసకు కొడుకవుతాడు.

“బాబాయ్, తగ్గిందని నువ్వే పెట్టావు కదా. ఇదేంటి, వాకిట్లోకి వచ్చేసింది?”

“ఎప్పుడు చూశావురా?”

“ఇవాళ పొద్దున. మా బావమరిది పంపాడు.”

కార్డు రెండు రోజుల పాతది. అది చూసి గుట్ట మీదికి చేర్చిన పశువులను కిందికి తోలుకొచ్చాడు. చీకట్లో మళ్లీ పైకి తోలాడు. మనుషులు, పశువులు బయటపడ్డారు. బియ్యం బస్తాలు, విత్తనాల మూట నీళ్లపాలయ్యాయి. ఆ తర్వాత నాతో ఒక్క మాట కూడా గట్టిగా అనలేదు. అంటే బాగుండేది.

కార్డు తీసి మళ్లీ చూశాను. అంకె తప్పు కాదు. పెట్టిన గంటలో అది నూటికి నూరుపాళ్లు నిజం. తేదీ, టైము లేవు, అంతే. ఎందుకు లేవంటే, అవి ఉండాల్సిన చోట నా లోగో ఉంది.

పేపరు నెత్తి మీద తేదీ ఉంటుంది. నిన్న సాయంత్రం పంపిన సంగతి ఇవాళ పొద్దున చదువుతున్నామని పాఠకుడికి తెలుసు, ఆ మేరకు తగ్గించుకుని చదువుతాడు. రేడియోలో వార్తలు ఏ వేళకు వస్తాయో ఇంటిల్లిపాదికీ తెలుసు. టీవీకి మూల గడియారం. పాత మాధ్యమాలు ఏ కాలం మాట అన్నది తమ ఒంటి మీదే మోసుకు తిరిగేవి. అవన్నీ వచ్చి ఒక్క ఫోన్‌లో కలిసిపోయినప్పుడు ఆ గుర్తులు రాలిపోయాయి. వాట్సాప్ మెసేజ్ కింద ఉండే టైము మనకు దాన్ని పంపిన టైమే. ఎప్పుడు పుట్టిందో చెప్పదు. రెండు రోజుల పాత కార్డయినా, ఇప్పుడు వస్తే ఇప్పటి కబురులాగే కనిపిస్తుంది.

పిల్లల్ని ఎత్తుకుపోతున్నారన్న పుకార్లతో మనుషుల్ని కొట్టి చంపిన 2018లో, వాట్సాప్ ఫార్వార్డ్ అన్న గుర్తు పెట్టింది. మన దేశంలో ఒకసారికి ఐదు చాట్‌లకే పంపేలా కట్టడి చేసింది. మరుసటి ఏడాది, బాగా తిరిగినవాటికి రెండు బాణాల గుర్తు వచ్చింది. మంచివే. అయితే ఆ బాణాలు ఎన్ని చేతులు మారిందో చెబుతాయి, ఏ గంటకు బయల్దేరిందో చెప్పవు. వరదలో మాకు కావాల్సింది గంట.

పుకార్లు కూడా రాకపోలేదు. ఎగువన ఉన్న కడెం ప్రాజెక్టుకు తట్టుకునే శక్తికి మించి వరద వచ్చి, ఉన్న 18 గేట్లలో ఒకటి తెరుచుకోక, నీళ్లు గేట్ల మీద నుంచి పొర్లాయి. ఆ వీడియో చూస్తే ఎవరికైనా గుండె జారుతుంది. మా గ్రూపులో ఒకరు “కడెం తెగింది, రాత్రికి మనం పోయాం” అని పెట్టారు. తెగలేదు, నిలబడింది. పైగా కడెం నీళ్లు మా దాకా రావాలంటే ఎల్లంపల్లి, మేడిగడ్డ బ్యారేజీలు దాటుకుని రావాలి. ఆ సంగతి రాసి పెడితే పది నిమిషాల్లో సద్దుమణిగింది. పుకారును పట్టుకోవడం అంత కష్టం కాదని నా అనుభవం. గడువు దాటిన నిజాన్ని పట్టుకోవడమే కష్టం. దాన్ని ఎవరూ అనుమానించరు.

టవర్ పోయాక

మూడో రోజు నుంచి చాలా ఊళ్లకు కరెంటు లేదు. టవర్లు కొంతసేపు బ్యాటరీల మీద, కొంతసేపు జనరేటర్ల మీద నడిచాయి. రోడ్లు మునిగాక డీజిల్ చేరేదెలా? మా దగ్గర ముందు డేటా పోయింది. కాల్స్ ఇంకాసేపు అతుకుతూ తెగుతూ నడిచాయి. పాత బటన్ ఫోన్లు ఉన్నవాళ్ల ఛార్జింగ్ మిగిలింది. స్మార్ట్‌ఫోన్లు ట్రాక్టర్ బ్యాటరీలకు వేలాడాయి. నా యూట్యూబ్ లైవ్, కార్డులు, గ్రూపులు అన్నీ ఆ సాయంత్రానికి సున్నా.

అప్పుడు అక్కరకొచ్చింది ఒక కూరగాయల ఆటో. “టమాటా, వంకాయ, బెండకాయ” అని రికార్డు చేసిన గొంతు ఆగకుండా మోగుతూ వీధులు తిరిగే మైకు ఉంటుందే, అది. ఆ ఊళ్లలో ఎక్కువమంది కోయవాళ్లు. తెలుగు అర్థమవుతుంది కానీ, కంగారులో సొంత భాషే చెవికెక్కుతుంది. ఒక అంగన్‌వాడీ టీచర్ కోయలో 40 సెకన్ల వాయిస్ మెసేజ్ చేసింది: నీళ్లు పెరుగుతున్నాయి, చీకటి పడకముందే గుట్ట మీది బడికి రండి, పశువుల్ని విప్పేయండి. సిగ్నల్ ఉండగా అది నాకు చేరింది. ఆటో ఆయన మైకు సెట్టుకు బ్లూటూత్ ఉంది. టమాటా ఆపేసి ఈ గొంతు పెట్టాం. రోడ్డున్నంత మేర ఆటో మీద తిప్పాం, రోడ్డు అయిపోయాక మైకు విప్పి నాటు పడవలోకి ఎక్కించాం.

టెక్నాలజీలన్నీ కలిసిపోతున్నాయని సెమినార్లలో చెబుతుంటారు. నా కళ్లతో చూసిన కలయిక అది. వాట్సాప్ వాయిస్, బ్లూటూత్, కూరగాయల మైకు, పడవ. నా కార్డులన్నీ కలిపి చేసిన దానికంటే ఆ 40 సెకన్లు చేసిన పని ఎక్కువ. టీచర్ గొంతు అందరికీ తెలిసిన గొంతు కావడం కూడా ఒక కారణం. “మా టీచరమ్మ రమ్మంటోంది” అని లేచి వచ్చారు.

అప్పటికి మా రాష్ట్రంలో యాభై ఇళ్లకొక గ్రామ వాలంటీర్ ఉండేవారు. ఏ ఇంట్లో ఎవరున్నారో, మంచం పట్టినవాళ్లు ఎక్కడున్నారో వాళ్ల ఫోన్లలో ఉండేది. నెట్ పోయాక అదంతా ఫోన్‌లోనే ఇరుక్కుపోయింది. ముందురోజే కాగితం మీద రాసిపెట్టుకున్న ఒక అమ్మాయి మాత్రం తన యాభై ఇళ్లనూ గబగబా ఖాళీ చేయించింది.

తర్వాత మార్చినవి

వరద తీశాక, బురద కడుక్కున్నాక, కార్డు పద్ధతి మానేశాను. ఇప్పుడు వరద కబురు ఇలా ఉంటుంది, బొమ్మ లేకుండా:

భద్రాచలం గేజి
తేదీ, వారం, గంట
ఇన్ని అడుగులు, పెరుగుతోంది / తగ్గుతోంది / నిలకడ
తర్వాతి కబురు ఇన్నింటికి. ఆ గంట దాటితే దీన్ని నమ్మొద్దు.

చివరి లైనే ముఖ్యం. బస్ పాసుకు గడువున్నట్టు కబురుకూ గడువు పెట్టాను. ఎవరైనా దాన్ని ఎక్కడికి పంపినా గడువు దాని వెంటే పోతుంది. వీడియో తీస్తే మొదట నా గొంతుతో ఊరు, తేదీ, గంట చెప్పి ఆ తర్వాతే నీళ్లు చూపిస్తాను. కత్తిరించి వాడుకునేవాళ్లు ఎలాగూ కత్తిరిస్తారు, ఆ సంగతి తెలుసు. అందుకే మధ్యలో ఇంకోసారి చెబుతాను.

గ్రూపుల్లో ఒకదాన్ని అడ్మిన్లు మాత్రమే రాసేలా మార్చాను. మిగతా రెండూ తెరిచే ఉంచాను. అన్నీ మూసేస్తే శుభ్రంగా ఉంటుందని కొందరు సలహా ఇచ్చారు. కానీ “మా వాగు దగ్గర రోడ్డు మీదికొచ్చింది” అనే కబుర్లు ఆ గోలలోంచే వస్తాయి. 2023 సెప్టెంబర్లో వాట్సాప్ ఛానల్స్ వస్తే అదీ పెట్టి చూశాను. ఎంతమందైనా చేరొచ్చు, నంబర్లు బయటపడవు. జవాబు చెప్పే వీలు మాత్రం అప్పట్లో లేదు. రెండు నెలల తర్వాత దాన్ని ముట్టుకోలేదు. పేపరు వదిలేసి వచ్చిందే జనం తిరిగి మాట్లాడతారని.

ఏ అంకెకు ఏ ఊరికి దారి తెగుతుందో పెద్దలను అడిగి ఒక పట్టిక రాశాను. భద్రాచలంలో ఇంత వస్తే ఫలానా కల్వర్టు మునుగుతుంది, ఇంత వస్తే గోదావరిలో కలిసే శబరి నదికి ఎగపోటు తగిలి ఇటు కూడా నీళ్లు నిలుస్తాయి, అలా. లామినేషన్ చేయించి కిరాణా కొట్లలో అతికించాం. దీంట్లో ఒక చిక్కుంది. పోలవరం కాఫర్ డ్యాం (నీళ్లు మళ్లించే తాత్కాలిక కట్ట) కట్టాక పాత లెక్కలు తప్పుతున్నాయని మా ఊళ్లవాళ్లు అంటున్నారు. వెనక జలాల మీద ప్రభుత్వాల మధ్య వాదన నడుస్తూనే ఉంది. అందుకని పట్టికను ప్రతి ఏడూ వరద తర్వాత దిద్దుతున్నాం.

2023 జూలై చివర్లో గోదావరి మళ్లీ మూడో హెచ్చరిక దాటింది. కొత్త పద్ధతికి అదే మొదటి పరీక్ష. గ్రూపులో ఎవరైనా అంకె పెడితే కింద ఇంకెవరో “ఎన్నింటికి?” అని అడగడం మొదలైంది. నేను నేర్పలేదు, అలవాటు పడ్డారు. దానికి నేను కట్టిన మూల్యం కూడా చెప్పాలి. బొమ్మల్లేని మెసేజ్‌ను స్టేటస్ పెట్టుకునేవాళ్లు తగ్గిపోయారు. పక్క ఛానల్ “గోదారి ఉగ్రరూపం” అని ఎర్ర అక్షరాల థంబ్‌నెయిల్ పెడితే దానికొచ్చిన వ్యూస్‌లో నాకు పదో వంతు రాలేదు. ఆ మాట పెట్టాలని చెయ్యి లాగింది, రెండుసార్లు టైపు చేసి తీసేశాను.

అదే ఏడాది ఫోన్లన్నీ ఒకేసారి గట్టిగా మోగి, తెర మీద అత్యవసర హెచ్చరిక పరీక్ష మెసేజ్ వచ్చింది, గుర్తుందా? అది ఎస్సెమ్మెస్ కాదు. టవర్ పరిధిలో ఉన్న ఫోన్లన్నిటికీ నంబర్లతో పని లేకుండా ఒకేసారి చేరుతుంది. మాకు పనికొచ్చేది అది. కాకపోతే టవర్ నిలబడి ఉండాలి. ఫోన్లలో ఎఫ్‌ఎం రేడియో తీసేయొద్దని కూడా కేంద్రం 2023లో తయారీదారులకు సూచించింది. కొత్తగూడెం ఆకాశవాణి వినడానికి మా నాన్నకు ఇప్పటికీ సెల్లులు వేసే రేడియో ఉంది. 2022లో ఆ పెట్టె ఒక్క రోజు కూడా ఆగలేదు.

“శాంతించిన గోదారమ్మ” కార్డు ఇంకా బతికే ఉంది. జూలై రాగానే ఎక్కడో ఒక గ్రూపులో తేలుతుంది. కిందటిసారి తెలియని నంబర్ నుంచి నాకే వచ్చింది, లోగోతో సహా. “ఇది 2022 నాటిది, చేసింది నేనే, ఎవరికీ పంపకండి” అని జవాబు రాశాను. కాసేపటికి రెండు నీలం టిక్కులు పడ్డాయి. ఆ తర్వాత ఆయన దగ్గర్నుంచి ఒక ప్రశ్న వచ్చింది.

“అయితే ఇప్పుడు ఎంతుంది అన్నా?”